పిన్ని వస్తే పలకని కెమెరా

మా చిన్నాన్న లిఫ్టు మెకానిక్. ఈ ఊళ్ళో పైకీ కిందకీ తిరిగే లిఫ్టుల్లో సగం ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతి కింద పడ్డవే. ఊరందరినీ మేడలెక్కించే ఆ మనిషి సొంత ఇంటికి మాత్రం ఇరుకు మెట్లే గతి. ఆ మెట్లెక్కితే చిన్న డాబా. డాబా మీద నీళ్ళ ట్యాంకు, బట్టలారేసే తీగ, ఓ మూల రెండు కుర్చీలు. వాటిలో చేతులున్నది పిన్ని కుర్చీ. నేను చెప్పబోయేదంతా ఆ కుర్చీలో పిన్ని కూర్చోవడం గురించే.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతాను. పొద్దస్తమానం పరాయివాళ్ళ తప్పులు వెతకడం వల్ల సాయంత్రానికి నా నోరు ఊరుకోదు. మా నాన్నకు చిన్నాన్న ఒక్కడే తమ్ముడు. వాళ్ళకు పిల్లలు లేరు, కూతురైనా నేనే, నా గదేమో పక్క వీధిలోనే. అందుకని పని దిగగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, టీ తాగి, వాళ్ళిద్దరినీ నాలుగు మాటలని, నాలుగు అనిపించుకుని, అప్పుడు గదికి పోతాను. అలా పోకపోతే నాకు నిద్ర పట్టదు.

పిన్నికి పుట్టుకతోనే రేచీకటి. చిన్నప్పుడు ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, తనకూ తెలియదు. పొద్దు గూకితే లోకానికి మూత పడుతుందనీ, అందరికీ అంతేననీ అనుకునేదట. వేసవిలో ఆరుబయట పడుకున్నప్పుడు వాళ్ళ పెదనాన్న పిల్లలు "అదిగో, అదిగో" అంటూ పైకి చూపిస్తుంటే, అదేదో తనను ఉడికించడానికి కట్టిన ఆట అనుకుంది. ఒకసారి వాళ్ళు "ఇది కనిపించిందా?" అని అడిగితే, వెనకబడిపోతానేమోనని "ఓ, కనిపించింది" అనేసింది. అందరూ పకపకా నవ్వారు. వాళ్ళు చూపించింది గోడనట. ఆ నవ్వు పిన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. పెద్దయ్యాక నక్షత్రాలున్నాయని ఒప్పుకుంది గానీ, నలుగురూ చెబుతున్నారు కాబట్టి సరేలే అన్నట్టు ఒప్పుకుంది. చందమామను చూసింది. అది తప్ప రాత్రి ఆకాశంలో ఇంకేదీ ఎన్నడూ చూడలేదు.

వాళ్ళ పెళ్ళికి కారణం ఒక కాలిపోయిన మోటారు. ఏదో పెద్ద భవనంలో లిఫ్టు మోటారు కాలిపోతే, చిన్నాన్న దాన్ని బండిలో వేసుకుని తీగ చుట్టే షెడ్డుకు వెళ్ళాడు. అక్కడ రాగితీగ చుట్టే పని పిన్నిది. సాయంత్రానికల్లా కావాలని ఆయన నెత్తిన కూర్చున్నాడు. ఎండ పలచబడగానే ఆమె సగం చుట్టిన చుట్టను బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని బయల్దేరింది.

"అక్కడ ముసలాళ్ళు మెట్లెక్కలేక అల్లాడుతుంటే మీకు ఇంటికెళ్ళే తొందరా?" అని చిన్నాన్న వెంటపడ్డాడు.

"చీకటి పడితే నాకు కనపడదండీ," అంది పిన్ని.

ఆయన ఇంక మోటారు మాటెత్తలేదు. వెనకాలే నడిచి వాళ్ళ వీధి మలుపు దాకా దిగబెట్టి వచ్చాడు. మోటారు మర్నాడు తయారైంది. ఆ తర్వాత అదే భవనంలో లిఫ్టు ఏ కారణమూ లేకుండా మాటిమాటికీ పాడైందనీ, మోటారు మాటిమాటికీ ఆ షెడ్డుకే వెళ్ళిందనీ మా నాన్న అంటాడు. చిన్నాన్న మాత్రం అదంతా మోటారు నాణ్యత అంటాడు.

పెళ్ళయ్యాక ఆయన ఆ ఇంటిని పిన్ని కళ్ళకు తగ్గట్టు మార్చేశాడు. బల్లల మూలలన్నీ గుండ్రంగా చెక్కించాడు. నేల మీద చెప్పు కూడా అడ్డంగా ఉండదు. ఏ వస్తువైనా దాని చోటు నుంచి కదిలిందో, ఆ రోజు నాకు తలంటే. ఇక మెట్ల పొడుగునా, పైన పిట్టగోడ వెంట ఆమె కుర్చీ దాకా, మడమల ఎత్తులో నేలకేసి చూసే దీపాల పట్టీ అంటించాడు. మెట్ల మొదట్లో ఓ పాత లిఫ్టు నుంచి ఊడదీసిన బొత్తాం బిగించాడు, పైకి బాణం గుర్తున్నది. అది నొక్కితే దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, మళ్ళీ కిందకొచ్చి నొక్కేదాకా ఆరవు. ఊళ్ళో కరెంటు పోయినా ఆగకూడదని ట్యాంకు పక్కన పెట్టెలో బ్యాటరీ పెట్టి దాన్నుంచి తీగ లాగాడు. పిన్ని ఆ బొత్తాం నొక్కకుండా మెట్టు మీద కాలు పెట్టకూడదు. ఆ ఇంట్లో ఉన్న చట్టం అదొక్కటే. మేమెవరమూ ఆ బొత్తాం ముట్టుకోము, అది పిన్నిది.

అలా దీపాల వెంట నడిచొచ్చి పిన్ని కుర్చీలో కూర్చుంటుంది. చిన్నాన్న పక్కన నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. పిన్నికి తల పైన ఉన్నదంతా నల్లటి పైకప్పే.

"ఈ రోజు ఉన్నాయా?" అని అడుగుతుంది.

"ఉన్నాయి."

"ఎట్లా ఉన్నాయి?"

చిన్నాన్నకు కవిత్వం రాదు. ఆయనకు వచ్చింది లిఫ్టులే. "లిఫ్టు గుంతలో అడుగున నిలబడి పైకి చూశామనుకో. అంతా కటిక చీకటి. కానీ ఒక్కో అంతస్తు దగ్గరా తలుపు సందులోంచి సన్నగా వెలుగొస్తుంటుంది. అవతల మనుషులున్నారని తెలుస్తుంది, మనకు కనపడరు. అట్లా ఉంటుంది," అంటాడు. పిన్ని ఆ మాట ఎన్నిసార్లు విన్నా మళ్ళీ అడుగుతుంది. తనకు కలల్లో నక్షత్రాలంటే తలుపు సందులేనట. ఎవరో అవతల గదుల్లో దీపాలు పెట్టుకుని తిరుగుతుంటారట, ఎవరూ తలుపు తీయరట.

ఇలా గడిచిపోయేదే. కానీ ఆ ఏడు చలి మొదలవుతుండగా పిన్ని పట్టపగలు గుమ్మానికి భుజం కొట్టుకుంది. తర్వాత షెడ్డులో పక్కనున్న మనిషి కనబడక ఢీకొట్టింది. కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు పరీక్షచేసి, చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోందని చెప్పింది. ఇన్నాళ్ళూ చేతి గాజులోంచి చూసినట్టు ఉండేది, ఇప్పుడు ఉంగరంలోంచి చూసినట్టు అయింది. ఆ ఉంగరం మధ్యలో ఉన్నదైనా ఎన్నాళ్ళు నిలుస్తుందని చిన్నాన్న అడిగాడు. "నేను మాటివ్వలేను. చూడాలనుకున్నవి ఉంటే ఆలస్యం చేయకండి," అందామె.

డాక్టరమ్మ దగ్గర నుంచి ముగ్గురం నడుచుకుంటూ తిరిగొచ్చాం. ఇంటి మలుపు దగ్గర చిన్నాన్న ఆగి, "నీకేం చూడాలనుందో చెప్పు. సముద్రమా, కొండలా, ఎక్కడికైనా పోదాం," అన్నాడు.

"చుక్కలు," అంది పిన్ని. మేము బిక్కచచ్చి చూస్తుంటే తనే నవ్వి, "ప్రతి మొగుడూ పెళ్ళానికి చుక్కలు చూపిస్తాడంటారు. ఇన్నేళ్ళ కాపురంలో మీరు ఒక్కటంటే ఒక్కటి చూపించలేదు. ఏం మనిషండీ," అంది.

నేను నవ్వాను. చిన్నాన్న నవ్వలేదు.

ఉపాయం ఆయనదే. పిన్నికి చీకట్లో ఏమీ కనిపించకపోయినా వెలిగే తెర బాగా కనిపిస్తుంది, ఫోన్ చక్కగా చదువుకుంటుంది. అయితే నక్షత్రాలను కెమెరాతో పట్టి, అప్పటికప్పుడు తెర మీద వేస్తే సరి. మా ప్రెస్సులో ఫొటోలు తీసేవాడు కొత్త కెమెరా కొనుక్కుని పాతదాన్ని పొడుగాటి లెన్సుతో సహా నాకు అంటగట్టాడు. పేకముక్కల పెట్టెంత కంప్యూటర్లు దొరుకుతున్నాయి కదా, వాటిలో ఒకటి తెచ్చాను. కెమెరాను తీగతో దానికి తగిలిస్తే, అది కెమెరా చేత రెండు మూడు సెకన్లకొక ఫొటో తీయిస్తూ, తీసింది తీసినట్టు తెర మీద చూపిస్తూ పోతుంది. డాబా మీద ప్లగ్గు లేదు. చిన్నాన్న తన బ్యాటరీ పెట్టెలోంచే కంప్యూటర్‌కూ తెరకూ కరెంటు ఇచ్చాడు.

"ఇంత తంటా ఎందుకు పిన్నీ, ఫోన్లో బోలెడు ఉన్నాయి, రంగురంగులవి," అన్నాను ముందే.

"అవి ఎవరో ఎక్కడో తీసినవి. నాకు మన డాబా మీదవి కావాలి. ఇప్పుడున్నవి కావాలి."

"పోనీ తెరను కిందకి లాగుతాం, హాయిగా వంటింట్లో కూర్చుని చూడు."

"వంటింట్లో చూస్తే అది టీవీ," అంది పిన్ని. "వాటి కింద కూర్చుని చూస్తేనే చూసినట్టు. లేదంటే మళ్ళీ మీరు చెప్పింది నమ్మడమే."

ఇక అక్కడి నుంచి మా తల ప్రాణం తోకకు వచ్చింది. మొదట కంప్యూటర్ కెమెరాను గుర్తే పట్టలేదు. చిన్నాన్న వృత్తిధర్మం ప్రకారం లిఫ్టు ఆగిందంటే తప్పు తలుపులోనే ఉంటుంది. కెమెరాకు తలుపంటే తీగ దూరే రంధ్రం. ఆయన దాన్ని దూదితో తుడిచాడు, ఊదాడు, భూతద్దం పెట్టి చూశాడు, పని నుంచి రాగానే మళ్ళీ తుడిచాడు. చివరికి తేలిందేమిటంటే, నేను తెచ్చిన తీగ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది. దాంట్లో కరెంటు పోతుంది, ఫొటోలు పోవు. ఆ రోజు నన్ను ఆయన ఏమన్నాడో రాయను.

తీగ మార్చాక గుర్తుపట్టింది. కాసేపటికి కెమెరా తనంతట తాను కునుకు తీయడం మొదలెట్టింది. ఆ అలవాటు మాన్పించాం. అప్పుడు కంప్యూటర్‌లో ఉన్న ఇంకో ప్రోగ్రాం అడ్డం పడింది. కెమెరా తగిలించగానే అది ఎగబడి, "ఫొటోలు తెచ్చారా, చూపించండి" అంటూ తలుపు దగ్గరే పట్టేసుకునేది. మా ప్రోగ్రాం వచ్చేసరికి కెమెరా ఖాళీగా ఉండేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఆపి కబుర్లు పెట్టే పెద్దమ్మలుంటారే, అచ్చం అదే. దాన్ని తీసి పారేశాను. ఆ సాయంత్రం చీకటి పడ్డాక తెర మీద నల్లటి నలుపులో తెల్లటి చుక్కలు తేలాయి. చిన్నాన్న లేచి నిలబడి, ఎందుకో తెలియదు గానీ, చెప్పులు విడిచాడు.

"పిన్నీ, రా," అని కేకేశాను.

కింద బొత్తాం టక్కుమంది. మెట్ల మీద పిన్ని అడుగులు. పిట్టగోడ పక్కగా నడిచొచ్చి కుర్చీలో కూర్చుని, తెర ఎటుందో తడిమి చూసుకుని అటు తిరిగింది. సరిగ్గా అప్పుడే తెర మీద బొమ్మ ఆగిపోయి, కెమెరా దొరకడం లేదని అక్షరాలు వచ్చాయి. తీగ తీసి పెట్టాం, ఆపి మళ్ళీ వేశాం. లాభం లేదు. పిన్నికి చలి పట్టింది, కిందకి వెళ్ళిపోయింది. వెళ్ళిన కాసేపటికి కెమెరా బుద్ధిగా పలికింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు మబ్బు. మబ్బు విడిచిన రోజూ అంతే. నేను పక్కనుంటే పనిచేస్తుంది, చిన్నాన్న ఒక్కడుంటే పనిచేస్తుంది, పిన్ని వచ్చి కూర్చుంటే చచ్చిపోతుంది. అచ్చుతప్పులకైనా ఇంత పక్షపాతం ఉండదు.

"నా మొహం చూస్తే దానికి గిట్టదు," అంది పిన్ని తేలిగ్గానే. కానీ తర్వాత పిలిస్తే రాలేదు. పప్పులేరుతున్నాననో, కాళ్ళు లాగుతున్నాయనో వంక చెప్పేది. ఒకరోజు నేను గట్టిగా అడిగితే, చేతిలో పని ఆపకుండానే, "నేనక్కడ కూర్చోవడం, మీరిద్దరూ హడావిడి పడటం, 'ఇప్పుడే ఉండింది పిన్నీ' అని నువ్వనడం. నాకది మళ్ళీ ఆ గోడ చూపించినట్టే ఉంటుందే," అంది.

చిన్నాన్న మాత్రం రోజూ పైకెళ్ళి పరీక్షచేసేవాడు. ఆయనకు పని నేర్పిన గురువు ఒక సూత్రం చెప్పాడట: బాగుచేసిన లిఫ్టులో మనిషిని ఎక్కించకు, ఖాళీగా నడిపి చూడు, నమ్మకం కుదిరాక నువ్వెక్కు, ఆ తర్వాతే పరాయి మనిషి. ఆ సూత్రం వల్లే ఇన్నేళ్ళలో ఆయన చేతి మీదుగా ఎవరికీ చిన్న దెబ్బయినా తగలలేదు. కాబట్టి చీకటి పడగానే మెట్లెక్కి, కుర్చీ ఖాళీగా పెట్టి, కెమెరా నడిపేవాడు. నడిచేది. ఇంకొంచెంసేపు నడిపేవాడు. ఇంకా నమ్మకం కుదరలేదు అనేవాడు. ఇటు పిన్ని ఉంగరం రోజురోజుకూ ఇరుకవుతోంది. టీ కప్పు అందుకునేటప్పుడు చేతిని గాల్లో ఆపి వెతుక్కోవడం నా కళ్ళారా చూస్తున్నాను.

ఓ సాయంత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆకాశం కడిగినట్టుంది, గాలి లేదు, తెర నిండా చుక్కలు, ముందు ఖాళీ కుర్చీ, దాని పక్కన చేతులు కట్టుకుని చిన్నాన్న.

"ఖాళీ లిఫ్టును ఎన్నాళ్ళు నడుపుతావు చిన్నాన్నా? ఆవిడ కళ్ళు పోయాక ఎక్కిస్తావా?"

అనకూడని మాటే. ఆయన ట్యాంకు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను కిందకి దిగి పిన్ని చేతిలో పని లాగేసుకున్నాను.

"నువ్వొస్తే పాడవుతుందంటే, నువ్వు లేకుండా అది బాగుపడదు పిన్నీ. పాడవనీ. పాడైనప్పుడే కదా ఎందుకో తెలిసేది. లే."

"దిద్దుబాటు మొదలెట్టావూ," అంది విసుక్కుంటూ. కానీ లేచింది. బొత్తాం నొక్కింది, మెట్లెక్కింది, కూర్చుంది. కెమెరా వెంటనే పోయింది.

చిన్నాన్నా నేనూ కెమెరా మీదకి వంగి, తీగ పీకి, పెట్టి, ఒకరి చేతులు ఒకరు తోసుకుంటున్నాం. పిన్ని చేసేదేమీ లేక తెర వైపు చూస్తోంది. మనలా చూస్తే తెర మొత్తం ఒకేసారి కంటికి ఆనుతుంది, చూపు దానంతటదే మధ్యకు పోతుంది. పిన్నికి అలా కాదు. తన చూపు తెర మీద చిల్లిగవ్వంత చోట పడుతుంది, ఎక్కడ పడితే అదే తెర. ఆ రోజు అది పైమూలన పడింది.

"ఈ మూలన పచ్చగా మెరుపు బొమ్మ ఏంటి?"

"ఎక్కడ?"

"ఇదిగో, పైన. వస్తోంది, పోతోంది. మొన్న వచ్చినప్పుడూ ఉంది. మీ చుక్కల్లో అదొకటేమో అనుకున్నా."

తలెత్తి చూశాను. గోరంత పసుపుపచ్చ మెరుపు గుర్తు. పాడైనప్పుడల్లా మేము కెమెరా మీదకి వంగిపోయేవాళ్ళం, తెర మూలలు చూసిందెవరు? అక్షరానికి పొట్టలో చుక్క తప్పినా పట్టుకుంటానని విర్రవీగే నా కళ్ళకు అది ఒక్కసారీ ఆనలేదు. ఫోన్లో వెతికితే దాని అర్థం దొరికింది: కంప్యూటర్‌కు కరెంటు చాలడం లేదు. చాలనప్పుడు అది ముందు కెమెరానే వదిలేస్తుంది.

"రోజూ చాలేది ఇప్పుడెందుకు చాలదు?" అన్నాడు చిన్నాన్న. "నేనున్నప్పుడు చాలింది, ఈ పిల్ల ఉన్నప్పుడు చాలింది."

పిన్ని జీవితమంతా మోటార్లకు తీగ చుట్టిన మనిషి. ఒకే తీగ మీద బరువు పెరిగితే ఏమవుతుందో తనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంది. తర్వాత నెమ్మదిగా, "నేనొస్తే ఇక్కడ ఏం మారుతుందండీ? నేను బొత్తాం నొక్కుతాను," అంది.

ఇద్దరం కింద చూశాం. మెట్ల పొడుగునా, గోడ వెంట, ఆమె కాళ్ళ దాకా దీపాలు వెలుగుతున్నాయి. అన్నీ ఆ పాత బ్యాటరీ పెట్టెలోంచే. అవి వెలిగితే కంప్యూటర్‌కు మిగిలేది అరకొరే. చిన్నాన్న ఇన్ని రోజులూ అన్నిటినీ అనుమానించాడు, రంధ్రాన్ని, తీగను, కెమెరాను, నన్ను. ఆ దీపాల జోలికి మాత్రం పోలేదు. ఆయనకవి దీపాలుగా కనిపించడం ఎప్పుడో మానేశాయి. గోడలెలాగో అవీ అలాగే. ఖాళీ కుర్చీతో ఎన్ని పరీక్షలు చేస్తే ఏం లాభం, దీపాలు వెలిగేది కుర్చీలోకి ఆమె వచ్చినప్పుడే కదా.

ఆయన దీపాల పట్టీ పక్కన కూర్చున్నాడు. "నీకని పెట్టినవే," అన్నాడు. "రేపు ఇంకో బ్యాటరీ పట్టుకొస్తా. దీపాలకు వేరే, దీనికి వేరే. రేపు చూద్దువుగాని."

"రేపొద్దు. పీకేయండి."

"చీకటైపోతుంది."

"ఎవరికి? నాకు పుట్టినప్పటి నుంచీ చీకటే. మీకే భయం," అంది పిన్ని. కోపంగా కాదు, పసిపిల్లాడికి నచ్చజెప్పినట్టు అంది. "మీరు నా పక్కనే ఉంటారు కదా. పీకేయండి."

పెట్టె దగ్గర ఆయన చాలాసేపు తచ్చాడాడు. చివరికి దీపాల తీగ ఊడదీశాడు. మెట్లూ, గోడా, నేలా మాయమైపోయాయి. నాకు కాస్త అలవాటు పడేసరికి ట్యాంకు కనబడింది, తీగ మీద బట్టలు కనబడ్డాయి. పిన్నికి తెర ఒక్కటే మిగిలింది. తను నల్లటి నీళ్ళలో తేలుతున్నట్టు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మెరుపు గుర్తు పోయింది. కంప్యూటర్ కెమెరాను అడిగింది, కెమెరా పలికింది.

చిన్నాన్న లెన్సును పిల్లలకోడి వైపు తిప్పాడు. తల్లికోడి చుట్టూ పిల్లలు చేరినట్టుండే ఆ చిన్న గుంపును కృత్తికలనీ అంటారు. తెర మధ్యలో అవి తెల్లగా, కొద్దిగా నీలంగా వెలిగాయి. "ఇదిగో, ఇక్కడ," అని ఆయన ఆమె గడ్డం పట్టుకోబోయాడు.

"చూపించకండి. నేనే చూస్తా."

తెర మీద కింద నుంచి చూడటం మొదలుపెట్టింది. తల కొంచెం కొంచెం తిప్పుతూ, ఏరుకుంటున్నట్టు వెళ్ళింది. "నలుపు," అంది. "నలుపే." ఇంకాస్త పైకి వెళ్ళింది. తల ఆగిపోయింది.

తర్వాత వేలు చాచి తెర మీద ఆనించింది. వేలి కొసకు సరిగ్గా పక్కన ఒక చుక్క. కెమెరా ఇంకో ఫొటో తీసింది, చుక్క రవ్వంత జరిగింది. ఇంకో ఫొటో, ఇంకాస్త జరిగింది. పిన్ని వేలు దాని వెంట పాకింది.

"కదులుతోంది," అంది గుసగుసగా.

"భూమి తిరుగుతోంది కదా. మనం తిరుగుతున్నాం. అందుకే పక్కకు పోతోంది," అన్నాడు చిన్నాన్న.

"బొమ్మయితే కదలదు."

"కదలదు."

"అయితే నిజంగానే ఉన్నాయి," అంది పిన్ని. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు, చీకట్లో ఎవరు చూడొచ్చారు. ఆ చుక్క తెర అంచు దాకా వెళ్ళి జారిపోయింది. పిన్ని అక్కడే ఇంకో చుక్కను పట్టుకుంది, దాన్నీ అంచు దాకా సాగనంపింది. ఒక్కోదాన్ని విడివిడిగా చూసింది. గుంపు మొత్తం తనకు ఒకేసారి కనబడదు మరి. మేమెన్నడూ అంత ఓపికగా ఒక్క చుక్కనైనా చూసి ఉండము.

"ఇవి పైన ఎక్కడున్నాయి?" అని అడిగింది కాసేపటికి.

చిన్నాన్న ఆమె చెయ్యి పట్టుకుని, చూపుడువేలు చాచి, ఎత్తి పట్టాడు. పిన్ని మొహం కూడా అటు ఎత్తింది. అక్కడ తనకు కనిపించేదేమీ లేదు. అయినా చెయ్యి దించలేదు. చిన్నాన్న వదిలేశాక కూడా అది అక్కడే నిలిచి ఉంది.

"ఏమే," అంది నాతో, మొహం పైకి ఉంచే. "ఇవి రోజూ ఇట్లాగే ఉంటాయా?"

"మబ్బు లేకపోతే ఉంటాయి పిన్నీ."

"మీ అందరికీ కనపడతాయా? ఏ మిషనూ లేకుండా, ఊరికే తలెత్తితే?"

"కనపడతాయి."

ఆమె గొంతులో అసూయ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి ఇవి పైన పెట్టుకుని మీరంతా లోపలికెళ్ళి ఎట్లా భోంచేస్తారే?"

తెర మీద గుంపు మళ్ళీ అంచుకు చేరుతుంటే, చిన్నాన్న లెన్సును కొంచెం పక్కకు జరిపాడు.